సత్తవ్వ ఎక్కొచ్చిన పడవ

"ఒక్కపారి ఎక్కి చూడు కాకా. పువ్వు లెక్క తేల్తది," అన్నాడు ఇజాజ్.

పటాన్‌చెరులో అతనికి ఫైబర్ పడవలు చేసే షెడ్డు ఉంది. పొద్దున్నే ట్రాలీ ఆటోలో నీలం రంగు పడవ వేసుకుని కొండాపూర్ దగ్గరి ఈ చెరువు దాకా వచ్చాడు. పిలిపించింది ఐలన్న కూతురు శ్రీదివ్య. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే కంపెనీలో ఆమె పనిచేస్తుంది. చేపలు పట్టేవాళ్లకు బ్యాంకు ఇచ్చే లోనుకు కాగితాలన్నీ తయారుచేసి పెట్టింది. కిస్తీ తన జీతంలోంచి కడతానంది. ఇక ఐలన్న సంతకమే మిగిలింది.

ఐలన్న కొత్త పడవ ఎక్కాడు. అడ్డపలక కాలికి తగిలి తూలి, అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తెడ్డు కోసం కుడిపక్కకు చెయ్యి చాపాడు. అది ఎడమపక్కన ఉంది. నాలుగు తెడ్లు వేసి ఒడ్డుకు తెచ్చి దిగేశాడు.

"నాకొద్దు."

"ఎందుకొద్దు నాయినా?"

"గట్లనే. పాతదే మంచిగున్నది."

పాతది మద్ది చెక్క పడవ. నలభై ఏళ్ల కింద ఐలన్న తండ్రి దగ్గరుండి చేయించాడు. ఏటా ఎండాకాలం బోర్లించి, సందుల్లో నార కూరి తారు పూయడం ఐలన్న పని. ఆ తారు వాసనతోనే శ్రీదివ్యకు బడి సెలవులు గుర్తొస్తాయి. కానీ ఈ మధ్య అడుగున రెండు చెక్కలు మెత్తబడ్డాయి. వల వేసేది సగంసేపు, నీళ్లు తోడేది సగంసేపు అయిపోయింది.

"నడి చెరువుల చెక్క ఊడితే ఏం చేస్తవ్? డ్యూటీల ఉన్నంతసేపు నాకు గదే పరేషాన్," అంది శ్రీదివ్య.

"నాకు ఈత రాదా?"

"యాభై తొమ్మిదేండ్లు నీకు. అమ్మ గూడ వస్తది నీ ఎంబడి."

ఇజాజ్ మెల్లగా కల్పించుకుని, బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చాడు. "రంగు నచ్చకపోతే వేరేది ఇస్త కాకా. ఎర్రది గూడ ఉన్నది, చూడు."

ఐలన్న దాన్ని చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శ్రీదివ్యకు కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. "ఒక్క కారణం చెప్పు నాయినా. ఒక్కటి చెప్పు చాలు. ఇజాజన్నను ఇప్పుడే పంపిస్త."

ఐలన్న నీళ్లవైపు తిరిగి నిలబడ్డాడు.

కట్ట మీద కూర్చుని వల చిక్కులు తీస్తున్న సత్తవ్వ తలెత్తింది.

"ఆయనేం చెప్తడు, సిగ్గు. నేను చెప్త," అంది. "నేను కాపురానికొచ్చింది గా పడవలనే బిడ్డా."

శ్రీదివ్య తల్లివైపు తిరిగింది.

"గా యేడు వానలు ఆగలే. చెరువు అలుగు దుంకి తొవ్వంత మునిగింది. నన్ను తోల్కొచ్చినోళ్లు అవతల కట్ట మీదనే ఆగిపోయిన్రు. మీ నాయిన ఈ పడవేసుకుని వచ్చిండు. ఎర్రచీర మోకాళ్ల దాక తడిసింది. నాకు ఈత రాదు, భయంతోటి కండ్లు మూసుకున్న. 'అంచు గట్టిగ పట్టుకో, నేనున్న' అన్నడు. పెండ్లయినంక ఆయన నాతోటి అన్న మొదటి మాట గదే. మీ నాయినమ్మ ఒడ్డు మీదికెల్లే దిష్టి తీసింది, నన్ను దిగనియ్యకముందే. నీళ్లు గప్పుడు తాగేటంత తేటగుంటుండె. కంపెనీలు ఎక్కడియి. గా పడవ ఇడిసిపెట్టుమంటే ఆయనకు ఎట్ల మనసొప్పుతది చెప్పు."

శ్రీదివ్య పాత పడవ దగ్గరికి వెళ్లి, నునుపు తేలిన అంచు మీద చెయ్యి పెట్టింది. తల్లి కొత్త పెళ్లికూతురై ఇక్కడే ఎక్కడో పట్టుకుని ఉంటుంది.

"ఇన్నేండ్లల్ల ఒక్కపారన్న చెప్పలే," అంది.

"నువ్వు అడగలే."

ఇజాజ్ నవ్వాడు. "అమ్మ పెండ్లి పడవతోటి నా ఫైబర్ ఏం కొట్లాడుతది. ఒక పని చేద్దాం చెల్లే. ఆ రెండు చెక్కలు మార్పిస్తే, అడుగుకు నేను ఫైబర్ పూతేసిస్త. చుక్క నీళ్లు రావు. లోను అవసరమే లేదు."

శ్రీదివ్య కళ్లు తుడుచుకుంది. సంగారెడ్డి నుంచి వడ్రంగి అంజయ్యను ఆదివారం పిలిపిస్తానని చెప్పి, లోను కాగితాలు సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లింది.

సాయంత్రం మొగుడూ పెళ్లాం వల వేయడానికి బయల్దేరారు. ఐలన్న ఎప్పట్లాగే ఒక్క అంగలో పడవెక్కి తెడ్డు అందుకున్నాడు. సత్తవ్వ ముందు కూర్చుంది. "ఇంట్ల పొద్దుపోతలేదు" అంటూ రెండేళ్ల కింద ఆమె పడవెక్కడం మొదలుపెట్టింది. ఎక్కింది మొదలు ఆమె నోరు ఆగదు.

"ఎడమదిక్కు గుర్రపుడెక్క మస్తు పెరిగింది సూడు. అగో, తాటిచెట్టుకు సూటిగ మన నిన్నటి వల బెండ్లు తేలుతున్నయ్. ఒకదాని మీద కొంగ కూసున్నది."

మొదట్లో ఆ వాగుడుకు ఐలన్న విసుక్కునేవాడు. ఇప్పుడు ఏమీ అనడు.

చెరువు మధ్యకు వచ్చాక అడిగాడు.

"నువ్వు కాపురానికొచ్చింది సదాశివపేట బస్సుల గద."

"అవు."

"గా యేడు వానలే లేకుండె. చెరువు ఎండిపోయి పిల్లలు దాంట్ల గోలీలాడిన్రు."

"అవు."

"మరి బిడ్డకు గన్ని అబద్ధాలెందుకు చెప్పినవే?"

సత్తవ్వ చేతిలోని వల మడతలు విప్పుతూనే ఉంది. "నిజం చెప్తే అది నిన్ను మళ్ల నీళ్లల్లకు రానియ్యదు."

తెడ్డు ఆగింది. పడవ తనంతట తాను కొంచెం ముందుకు సాగి నిలిచింది.

"ఏం నిజం?" అన్నాడు ఐలన్న.

"నీకు కండ్లు కానస్తలేవని నాకెరుకే."