ఎక్కడ పెడతారు?

అయినా ల్యాప్‌టాప్ అయితే మూత వేసెయ్యొచ్చు, అనుకున్నాడు.

అదే డబ్బుకి డెస్క్‌టాప్ కొంటే ఆట బాగా నడుస్తుంది. వేడెక్కదు. పాతబడితే ముక్క ముక్కగా మార్చుకోవచ్చు. ఇవన్నీ అతనికి తెలియనివి కావు. కొన్నాళ్ళుగా కాగితం మీద రెండు గళ్ళు గీసి, కొట్టేసి, మళ్ళీ గీస్తున్నాడు. కాగితం ప్రతిసారీ డెస్క్‌టాప్ అనే అంటోంది. మనసు మూత దగ్గరే ఆగుతోంది.

పాత ల్యాప్‌టాప్ చచ్చి మూడు ఆదివారాలు. అంటే చెల్లితో మాట్లాడి మూడు ఆదివారాలు.

ఫోన్‌లో వాళ్ళిద్దరికీ మాటలు రావు. బాగున్నావా, బాగున్నాను, అంతే. ఆదివారాలు ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఆడే ఆటలో అలా కాదు. శత్రువు గోడ వెనక నక్కి ఉండగా, "నాన్న మందులు వేసుకుంటున్నారా?" అని అడగగలదు చెల్లి.

తండ్రి నడిపే గడియారాల కొట్టు వదిలి ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఆ రోజు నుంచి తండ్రి ఆమె పేరెత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. ఇంట్లో బల్ల ఒక్కటే, ముందు గదిలో, తండ్రి కుర్చీ పక్కనే. డెస్క్‌టాప్ కొంటే అక్కడే పెట్టాలి. ల్యాప్‌టాప్ అయితే తన గదిలో, మంచం మీద, తలుపు వేసుకుని...

"ఎక్కడ పెడతారు?"

ఉలిక్కిపడ్డాడు. కంప్యూటర్ షాపులో, అద్దాల కౌంటరు చివర, స్టూలు మీద ఒక పెద్దాయన. ఇస్త్రీ చొక్కా. డెబ్బై దాటి ఉంటాయి.

"ఏమిటి పెట్టేది?"

"కొనబోయేది. నలుగురూ తిరిగే గదిలోనా, మూల గదిలోనా?"

అమ్ముడుపోని డెస్క్‌టాపులు అంటగట్టడానికి కూర్చోబెట్టారు కాబోలు, అనుకున్నాడు. పెద్దాయన వదల్లేదు. వారానికి ఎన్ని గంటలు ఆడతారు, ఒక్కరేనా, తోడెవరైనా ఉన్నారా అని అడుగుతూ పోయాడు.

"మా చెల్లెలితో," అని నోరు జారాడు.

పెద్దాయన కౌంటరు వెనకున్న సేల్స్ అమ్మాయి వైపు ఒకసారి చూశాడు. "అయితే ఇవాళ ఏదీ కొనకండి బాబూ. రేపు ఒక్కసారి రండి."

ఇవాళ వద్దు, రేపు రమ్మనడం. ఇంకేదో పాత సరుకు ఉందన్నమాట.

పెద్దాయన ఎడమ చెయ్యి అద్దం మీద వణుకుతోంది. అతని ఉద్యోగం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం, రోజుకి నలభై చేతులు చూస్తాడు. ఇలాంటి చేతికి ఎక్స్‌రే తీస్తే ఎముకలు మసకగా వస్తాయి, అనుకున్నాడు. మూడు వేళ్ళు అద్దానికి ఆనించి, మధ్యవేలు కాస్త ముందుకి జరిపి, బొటనవేలు పక్కగా వాల్చి ఉంది. వింతగా పెట్టుకున్నాడే, అనుకుని వదిలేశాడు.

"నాకు ప్రయాణాలు ఎక్కువండీ," అన్నాడు. అతను చేసే ప్రయాణం ఇంటి నుంచి ఆసుపత్రికి, బస్సులో రెండు స్టాపులు.

"అలాగా," అన్నాడు పెద్దాయన. మళ్ళీ గుమ్మం వైపు తిరిగాడు.

ల్యాప్‌టాప్ కొన్నాడు.

మొదటి ఆదివారమే దాని ఫ్యాను రొద మొదలైంది. బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఒళ్ళో పెట్టుకుంటే తొడ కాలింది.

"అది ల్యాప్‌టాపా, ఇస్త్రీపెట్టా అన్నయ్యా? నన్ను కాపాడతానని వచ్చి నా మీదే పడ్డావ్," అంది చెల్లి. కాసేపాగి, గొంతు వినపడట్లేదు, గట్టిగా మాట్లాడమంది.

"ముందు గదిలో నాన్న ఉన్నారు."

చెల్లి పనుందని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం అరగంటే ఉంది. ఆ పై ఆదివారం రానే లేదు.

అతను ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకి వెళ్ళాడు. సేల్స్ అమ్మాయి దాన్ని తిరగేసి చూసి, మంచం మీద పెడుతున్నారా అని అడిగింది. గాలి ఆడదట, బల్ల మీద పెట్టుకోవాలట.

స్టూలు ఖాళీగా ఉంది.

"మీ పెద్దాయనకి ఇవాళ సెలవా?"

"ఆయన మా మనిషి కాదు సార్. ఇంట్లో ఖరీదైన డెస్క్‌టాప్ ఉందట. ఊరికే ఇచ్చేస్తానన్నారు. అడిగినవాళ్ళకి కాదు, తను చూసి ఎంచుకున్నవాళ్ళకి. నెలరోజులు రోజూ వచ్చి కూర్చున్నారు." ల్యాప్‌టాప్ తుడిచి అతని ముందుకి జరిపింది. "మీరు చెల్లెలితో ఆడతానన్నప్పుడు దొరికాడన్నట్టు చూశారు నా వైపు. మీరేమో ప్రయాణాలన్నారు."

"మరి ఇప్పుడు?"

"పోయిన వారం ఎవరికో ఇచ్చేశారు. ఇక రారు."

"ఎవరిది ఆ కంప్యూటరు?"

"కొడుకుదో మనవడిదో అయ్యుంటుంది. ఈ వయసులో ఆయనకెందుకు సార్?"

నిజమే, అన్నట్టు తల ఊపాడు.

ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. గాలి ఆడటానికే, అని తనకి తను చెప్పుకున్నాడు. పక్క కుర్చీలో తండ్రి కంటికి భూతద్దం బిగించి ఎవరిదో చేతిగడియారం విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

చెల్లికి మెసేజ్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆమె కోసం ఎదురుచూస్తూ యథాలాపంగా తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. అది అప్పటికే కీబోర్డు మీద సర్దుకుని ఉంది. మూడు వేళ్ళు ఆనించి, మధ్యవేలు కాస్త ముందుకి, బొటనవేలు పక్కగా వాలి. ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళ చెయ్యి అలాగే ఉంటుంది, చెప్పకుండానే.

కొడుకుదీ కాదు, మనవడిదీ కాదు.

అద్దం మీద వణికిన ఆ వేళ్ళకి కీబోర్డు మీటలు ఎక్కడుంటాయో ఇంకా గుర్తుంది. నొక్కడం మాత్రమే చేతకావడం లేదు.

"అన్నయ్యా, వచ్చావా?" చెవిలో చెల్లి గొంతు. "నాన్న ఏం చేస్తున్నారు?"

అతను సౌండు పెంచి, హెడ్‌ఫోన్ తీగ పట్టుకుని, ల్యాప్‌టాప్‌లోంచి మెల్లగా ఊడలాగాడు.