నజ్రాన్ మాట

“ఏమన్నావు? మళ్ళీ అను.”

సదానందం చేతిలో సూప్ గిన్నె ఆగిపోయింది. “ఇప్పుడే తాగు బాబా, చల్లారిపోతుంది అన్నాను.”

“‘ఇప్పుడు’ అనడానికి ఏ మాట వాడావు?”

“దల్హీన్.”

మంచం మీదున్న ముసలాయన మోచేతి మీద లేవబోయాడు. ఎనభై అయిదేళ్ళ మనిషి. తుంటి విరిగి ఆరు నెలలైంది.

“ఇక్కడ హుఫూఫ్ ఊళ్ళో ‘అల్హీన్’ అంటారు. దల్హీన్ అనేది దక్షిణాన, నేను పుట్టిన నజ్రాన్ వైపు మాట. ఇండియావాడివి, ఈ అరబ్బీ నీకెవరు నేర్పారు?”

“ఎక్కడో విన్నాను బాబా.”

“ఎక్కడ?”

సదానందం గిన్నె పక్కన పెట్టి, తువ్వాలు తేవడానికన్నట్టు బయటికి వచ్చేశాడు.

చెప్పే వీలు లేదు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. ఇక్కడికి రాకముందు ఏడేళ్ళు ఇజ్రాయెల్‌లో జకరియా అనే ముసలి యూదుణ్ణి చూసుకున్నాడు. జకరియా ఇంట్లో అరబ్బీయే మాట్లాడేవాడు. స్నానం, మందు, ఆకలి, నొప్పి, అన్నిటికీ సదానందం ఆయన మాటలే పట్టుకున్నాడు. జకరియా పోయాక వీసా అయిపోయింది. కొత్త పాస్‌పోర్టు తీసుకుని సౌదీకి బయల్దేరేటప్పుడు ఏజెంటు గట్టిగా చెప్పాడు, ఆ దేశం పేరు ఎత్తొద్దని. కాగితాల్లో ఆ ఏడేళ్ళూ సైప్రస్ అయ్యాయి.

ఆ ఇంట్లో సాయంత్రమైతే కొడుకులందరూ తండ్రి గదిలో చేరి వార్తలు చూసేవారు. గాజాలో కూలిన ఇళ్ళు, తెల్లగుడ్డలో చుట్టిన పిల్లలు. సదానందానికీ గుండె చెరువయ్యేది. కానీ అక్కడి మాటలు సైన్యం దగ్గర, సర్కారు దగ్గర ఆగేవి కావు. యూదుడన్నవాడి రక్తమే అంత, పుట్టిన పిల్లాడి దగ్గర్నుంచి అందరూ అంతే అనేవారు. అందరికన్నా గొంతు పెంచి తిట్టేది ముసలాయనే. ఇలాంటి వార్తలు వస్తే జకరియా టీవీ కట్టెయ్యమని, కంచం పక్కకి నెట్టి గోడవైపు తిరిగి పడుకోవడం సదానందానికి గుర్తొచ్చేది. ఆ సంగతి ఎవరితో అనగలడు?

మర్నాటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. దుప్పటి మారుస్తుంటే ఒకటి, కాళ్ళకు నూనె రాస్తుంటే ఒకటి.

“నువ్వు పనిచేసిన ఊరికి సముద్రం ఏ దిక్కున?”

“పడమర, బాబా.”

“శుక్రవారం పొద్దుగూకాక దుకాణాలు తెరిచి ఉండేవా?”

“మూసేవాళ్ళు.” అనేశాక నాలుక కరుచుకున్నాడు. శుక్రవారం పొద్దుగూకితే సెలవు మొదలయ్యేది యూదులకే.

“సైప్రస్‌లోనా?” అన్నాడు ముసలాయన. కళ్ళు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం సదానందం భార్య శ్రీలతకు ఫోన్ చేశాడు.

“ముసలాయన పసిగట్టినట్టున్నడే. దినాం ఏదో ఒకటి అడుగుతుండు.”

“గా దేశం పేరు మాత్రం నోట్లెకెల్లి రానియ్యకుర్రి. జైల్లేస్తే నేనేడికి పోవాలె?”

“బువ్వ సయిస్తలేదు. గేటు సప్పుడైతే పోలీసులే అనిపిస్తుంది.”

“కొడుక్కు చెప్పిండా?”

“చెప్పలే. గదే సమజైతలేదు.”

ముసలాయన పెద్దకొడుకు నాసిర్ అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. అతని చేతుల్లోనే ఇఖామా అనే నివాస కార్డు, దేశం విడిచే ఎగ్జిట్ అనుమతి, అన్నీ. నాసిర్ కారు లోపలికి వచ్చినప్పుడల్లా సదానందం ఏదో పని పెట్టుకుని వంటగదిలోకి జారుకునేవాడు. బట్టలు మడిచి బ్యాగులో సర్దాడు. మళ్ళీ తీశాడు. బ్యాగు చూస్తే అనుమానం వస్తుందేమోనని.

శుక్రవారం నమాజు అయ్యాక కొడుకులు ఖర్జూరం తోటకి వెళ్ళారు. ముసలాయన డ్రైవర్ని కూడా మందుల షాపుకి పంపేశాడు.

“తలుపు గడియ పెట్టు.”

సదానందం పెట్టాడు.

“అబద్ధమాడితే నాసిర్‌ను పిలుస్తాను. నిజం చెప్పు, పిలవను. అరబ్బీ ఎక్కడ నేర్చుకున్నావు?”

ఎన్ని రోజులని దాస్తాడు? సదానందం మంచం పక్కన కూలబడ్డాడు.

“ఇజ్రాయెల్‌లో, బాబా. ఒక యూదు ముసలాయన దగ్గర చేశాను. పొట్టకూటికి పోయాను. నన్ను పట్టించకు.”

తిట్లు మొదలవుతాయని తల వంచుకున్నాడు.

“ఆయన నీతో ఎలా ఉండేవాడు?”

“నేను తిన్నానో లేదో అడిగాకే తినేవాడు.”

“పేరు?”

“జకరియా.”

“పుట్టింది?”

“నజ్రాన్‌లోనే అనేవాడు.”

“ఎవరి కొడుకు?”

“వెండిపని చేసే యూసుఫ్ కొడుకు.”

ముసలాయన వేళ్ళు దుప్పటిని గట్టిగా పట్టుకున్నాయి. “ఊరి గురించి ఏం చెప్పేవాడు?”

“ఆయనకు పదేళ్ళప్పుడట. ఊళ్ళో యూదులందరూ ఇళ్ళు వదిలేసి, ఒంటెల వెంట రోజుల తరబడి నడిచి యెమెన్‌లో ఏడెన్ రేవు చేరారట. అక్కడ ఇజ్రాయెల్‌కు విమానం ఎక్కారట. వాళ్ళ నాయనమ్మ దారిలోనే పోయిందట.”

“ఇంకా?”

“అంతే, బాబా. ఆ రోజుతో నజ్రాన్‌లో యూదుడన్నవాడు ఒక్కడూ మిగల్లేదనేవాడు.”

ముసలాయన తలుపువైపు చూశాడు. గడియ వేసే ఉంది. సదానందం చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. ఇన్ని నెలల్లో అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా సదానందం వినలేదు.

“జకరియాకు తెలియదు.”

ఊపిరి తీసుకున్నాడు.

“నేను మిగిలాను.”