అప్పజెప్పిన జవాబు

"చచ్చినా ఆ మాట అనను మాస్టారూ!" వెల్డరమ్మ కాగితాన్ని బల్ల మీదికి తోసేసింది.

"చచ్చాక ఎందుకు, బతికుండగానే అను," అన్నాడు భాష నేర్పే మాస్టారు. "పరాయి దేశంలో నీకు వెల్డింగు పని సిద్ధంగా ఉంది. ఇక్కడేమో వచ్చే నెల మీ వర్కుషాపుకి తాళం. మాట్లాడే పరీక్ష ఇప్పటికే రెండుసార్లు తప్పావు. ఇదే ఆఖరు. వాళ్లు ఏది అడిగినా ఈ కథలోకే తిప్పి అప్పజెప్పు. నా దగ్గర చదివినవాళ్లంతా ఇలాగే గట్టెక్కారు."

కాగితం మీద ఆ దేశపు భాషలో పది వాక్యాలున్నాయి. మొదటిది: 'నా ఒక్కగానొక్క కూతురు జ్వరంతో చనిపోయింది.'

ఆ ఒక్కగానొక్క కూతురు గది మూల కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది. ఏడేళ్లు.

"పోనీ, మా ఆయన పోయాడని చెప్పనా?"

"అది నిజం కదమ్మా! చెప్పబోయి రెండుసార్లూ గొంతు పూడుకుపోయింది, మార్కులు అక్కడే పోయాయి. ఇదైతే ఉత్తుత్తిదే. ఇనుముకి ఇనుము అతికిస్తావు, మాటకి మాట అతికించలేవా?"

"నోటిమాట ఊరికే పోతుందా మాస్టారూ? పిల్లకి ఏదన్నా అయితే?"

"పని లేకుండా ఇక్కడే ఉంటే పిల్లకి ఏమవుతుందో, అది ఆలోచించు."

ఆమె కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

పరీక్ష వలస కార్యాలయంలోనే జరిగింది. ముందుగా సంతకం పెట్టించుకున్నారు: మాట్లాడిందంతా రికార్డు చేసి దరఖాస్తులో చేరుస్తారు, అబద్ధమని తేలితే దరఖాస్తు మొత్తం రద్దు. "మీ ఇంటి గురించి చెప్పండి," అన్నాడు పరీక్షించే ఆయన. ఆమె ఇంట్లోంచి మంచం దగ్గరికి, మంచం మీంచి జ్వరంలోకి తిప్పింది. ఒక్క తప్పు దొర్లలేదు. ఒక్కో వాక్యం అయ్యాక మనసులో 'ఉత్తుత్తిదే, ఉత్తుత్తిదే' అనుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ రోజు నుంచి పిల్ల నుదురు తాకి చూడడమే ఆమెకు పని. తుమ్మితే హడలు, దగ్గితే డాక్టరు.

"నీ చెయ్యే వేడిగా ఉందమ్మా, నేను కాదు," అని విసుక్కునేది పిల్ల.

మూడు వారాలకు కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. విమానంలో కిటికీ సీటు తనదేనని దారి పొడుగునా పోట్లాడుతూ పిల్లా వెంట వచ్చింది. కౌంటరు బల్ల దాని తల కంటే ఎత్తు.

"పాసయ్యారు," అంది అద్దం వెనక ఉద్యోగిని. వెల్డరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ముద్ర వేసిన కాగితం ఒక్కటే బయటికి వచ్చింది.

"మరి మా పాపది?"

ఉద్యోగిని గొంతు తగ్గించింది. "మీ రికార్డింగు విన్నామండీ. నాకూ కూతురుంది, మీ బాధ అర్థమైంది. దరఖాస్తులో పాప పేరు అలాగే ఉండిపోతే, మేమే కొట్టేశాం."

కింద నుంచి చిన్న చెయ్యి ఆమె వేలు పట్టి లాగింది. "అమ్మా, నా పేరు పిలిచారా?" గుసగుసగా అడిగింది పిల్ల.

వెల్డరమ్మ నోరు తెరిచింది. పెట్టిన సంతకం కళ్ల ముందు మెదిలింది. గొంతు పూడుకుపోయింది.

"తొందరేం లేదులెండి," అంది ఉద్యోగిని మెత్తగా. "పాప మరణ ధ్రువపత్రం ఒక్కటి తెచ్చిస్తే చాలు, మీరు బయల్దేరొచ్చు."