కోచ్ కలిపిన రెండు సెకన్లు

“సార్, తప్పు మీ వాచీదైనా అయ్యుండాలి, మీదైనా అయ్యుండాలి!” ఇనుప కొట్టాయన తన చేతిలోని స్టాప్‌వాచ్‌ని ఈత కోచ్ ముఖం ముందు పెట్టాడు. “మా అమ్మాయి వంద మీటర్లు డెబ్బై రెండు సెకన్లలో ఈదింది. మీరు డెబ్బై నాలుగన్నారు. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే.”

కోచ్ చుట్టూ చూశాడు. అమ్మాయి ముఖం వేలాడేసుకుని బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లిపోయింది. మర్నాడే జట్టు ఎంపిక. డెబ్బై లోపు రాకపోతే చోటు లేదు.

“వాచీ సరైందే. రెండు సెకన్లూ నేనే కలుపుతున్నాను,” అన్నాడు మెల్లగా.

కొట్టాయన తెల్లబోయాడు. మేకులు తూచి అమ్మే మనిషి. తూకంలో కొట్టేవాళ్లను చాలామందిని చూశాడు గానీ, అడగ్గానే ఒప్పుకున్నవాణ్ణి చూడలేదు. కోపం పోయి కుతూహలం పట్టుకుంది.

“ఎందుకండీ? పిల్ల మీద పగా?”

“పగేమిటండీ బాబూ! నచ్చిన అంకె చెవిన పడిందంటే ఆ రోజుతో చేతులు బరువెక్కుతాయి. ఇంకా చాలదు అనుకున్న పిల్లే చివరి పది మీటర్లూ తలెత్తకుండా ఈదుతుంది. మీరు మాత్రం మొదటే అసలు ధర చెబుతారా?”

“ఓహో, ఇదీ బేరమేనన్నమాట!”

“బేరమే. అయినా గిట్టుబాటు కాలేదు, ఇంకా మూడు సెకన్లు తగ్గాలి. ఇప్పుడు అమ్మాయికి చెప్పారో, ఉన్నదీ పోతుంది.”

మర్నాడు పొద్దున కారులో, పక్కన కూతురు ఉండగా, కొట్టాయనకు ఆ మాట నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. నాలుగుసార్లూ మింగేశాడు.

ఈల మోగింది. ఎనిమిది మంది దూకారు. అమ్మాయి గోడ తాకగానే బోర్డు మీద ఎర్రటి అంకెలు వెలిగాయి. అరవై ఎనిమిది.

కోచ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అరవై ఎనిమిదే.

“ఏం సార్, బోర్డు వాళ్లు గానీ తగ్గించి వేశారా?” అన్నాడు కొట్టాయన, నవ్వు ఆపుకోలేక.

కోచ్ గబగబా నీళ్ల అంచుకు వెళ్లి వంగాడు.

“ఏమ్మా, ఒక్క రోజులో ఇంత వేగం ఎక్కడిది నీకు?”

అమ్మాయి రొప్పుతూనే గొంతు తగ్గించింది.

“మొదట్నుంచీ ఉంది సార్. ఉన్నదంతా చూపిస్తే మీరు ఇంకా అడుగుతారని, రోజూ నాలుగు సెకన్లు దాచిపెట్టుకున్నా.”