ముఖం మూసిన ఫోటో

ఫోటోలో మనిషికి ముఖం లేదు.

ఉండేది. దాని మీద తెల్ల కాగితం ముక్క అంటించారు. ఒళ్ళు సరిచేసే విద్య నేర్పే ఆ కేంద్రంలో పరీక్ష పద్ధతే అంత.

“ముఖం అబద్ధాలాడుతుంది అమ్మాయ్, ఒళ్ళు ఆడదు” అంటారు గురువుగారు. కాబట్టి మెడ నుంచి మడమ దాకా మాత్రమే చూసి, ఆ మనిషికి ఎక్కడ పట్టేసిందో, ఎందుకు పట్టేసిందో చెప్పాలి. పేరుకి మౌఖిక పరీక్షే గానీ, ముఖం మాత్రం ఉండదు.

గురువుగారు ఊళ్ళో పేరున్న మనిషి. వంగిన నడుములు, ఒరిగిన భుజాలు, ఈడ్చుకునే కాళ్ళు... మందూ మాత్రా లేకుండా ఊపిరితోనూ ఓపికతోనూ సరిచేస్తారు. వంకరలు తీయడం ఆయన వృత్తి. వంకలు పెట్టడం ప్రవృత్తి.

ఇవాళ పరీక్షకు కూర్చున్నది కండక్టరమ్మ. కూర్చున్నది అనకూడదు, నిలబడే ఉంది. అలవాటు. పదకొండేళ్ళు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టి కొట్టి నడుం విరగ్గొట్టుకుంది. రోగిగా ఇక్కడికొచ్చింది. నడుం బాగయ్యాక కూడా కదల్లేదు, శిష్యురాలైపోయింది. పక్క ఊరి ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే సోమవారానికల్లా గురువుగారి సంతకంతో సర్టిఫికెట్ తేవాలి. బస్సు ఉద్యోగానికి పెట్టిన సెలవు కూడా ఆ రోజుతోనే అయిపోతుంది. తేలేకపోతే మళ్ళీ బస్సు. నడుం నొప్పికి రిటర్న్ టిక్కెట్టు.

మొదటి ఫోటో బల్ల మీద పెట్టారు.

“మెడ ముందుకి సాగింది. నడుం పక్కకి ఒరిగింది. కుడి మోచెయ్యి ఊరికే ఉన్నప్పుడు కూడా గాల్లోనే ఉంది. పళ్ళ డాక్టరండీ.”

“రైట్” అన్నారు గురువుగారు.

ఆ మాట పదకొండేళ్ళు తను అంటే బస్సు కదిలేది. ఇప్పుడు ఆయనంటే తన బతుకు కదులుతోంది.

రెండోది. “బరువంతా మునివేళ్ళ మీదుంది. మోకాళ్ళు బిగబట్టేసింది. ఎత్తు చెప్పులేసుకుని పొద్దస్తమానం నిలబడే పిల్ల. ఏదో షాపులో సేల్స్‌గర్ల్.”

“రైట్.”

మూడోది. గుమ్మం పక్కన నిలబడ్డ ఒక ఆడమనిషి.

కేంద్రంలో రోగుల ఫోటోలన్నీ తీసేది కండక్టరమ్మే. ఆమె ఎరగని ఒళ్ళు ఫైళ్ళలో లేదు. అందుకే పరీక్ష కోసం గురువుగారు ఫోటోలు బయటినుంచి పట్టుకొచ్చారు. ఈ మూడోదాన్ని ఆమె చాలాసేపు చూసింది.

“ఎడమ భుజం చెవి వైపు లేచింది. మెడ లోపలికి ముడుచుకుంది. మోచేతులు పక్కటెముకలకి అతుక్కుపోయాయి. బరువంతా వెనక కాలి మీద.”

“అయితే?”

“ఇది బరువు మోసిన భుజం కాదు గురువుగారూ. దెబ్బ కాచుకునే భుజం.”

గురువుగారి కలం ఆగింది.

“కొట్టేవాడిది కుడిచేతి వాటం. ఎదురుగా నిలబడి కొడతాడు. ఇంట్లోవాడే. ఒళ్ళు ఇలా గడ్డకట్టాలంటే ఒకటీ రెండూ కాదు, పదిహేనేళ్ళయినా పట్టుంటుంది.”

“ఓహో! పుస్తకంలో ఏ పేజీలో ఉందిది?”

“బస్సులో ఉంది. రద్దీలో మొగుడు పై కమ్మీ పట్టుకుందామని చెయ్యెత్తుతాడు. పక్కనున్న పెళ్ళాం భుజం దానంతటదే లేస్తుంది. లేచిందని ఆవిడకే తెలీదు. టిక్కెట్లు కొడుతూ రోజుకి ఒక్కరినైనా చూసేదాన్ని.”

గురువుగారు పెద్దగా నవ్వారు.

ఆ నవ్వుకో కారణం ఉంది. ఏటా పరీక్షలో ఒక ఫోటో ఏ లోపమూ లేనిది పెడతారు. లేని జబ్బులు అంటగట్టేవాళ్ళని ఏరెయ్యడానికి. పోయినేడు బట్టల షాపు బొమ్మ ఫోటో పెడితే, ఒకాయన దానికి మోకాళ్ళ అరుగుదల అని తేల్చి, తను తేలకుండా మునిగాడు.

“దొరికిపోయావమ్మాయ్! ఇది నిక్షేపంలాంటి ఒళ్ళు. నాకు బాగా తెలిసిన మనిషే. ఒక్కనాడు నొప్పి అని అనలేదు.”

“అనలేదా గురువుగారూ, అననివ్వలేదా?”

డస్టరు తీసి బల్ల మీద ఫెడేల్మని కొట్టారు. సుద్దపొడి లేచింది.

“బస్సులో అరిచిన నోరు కదా, అలాగే ఉంటుంది” అన్నారాయన, గొంతు తగ్గించి. “సరే. నీ మీద అభిమానం కొద్దీ ఇంకో అవకాశం. మళ్ళీ చూడు. ‘లోపం లేదు’ అను చాలు. ఇక్కడే సంతకం పెట్టేస్తా.”

సర్టిఫికెట్ బల్ల మీదే ఉంది. ఆమె పేరు కూడా రాసేసి ఉంది. సంతకం చోటొక్కటే ఖాళీ.

కండక్టరమ్మ సోమవారాన్ని తలుచుకుంది. గతుకుల రోడ్డుని తలుచుకుంది. తెలియకుండానే చెయ్యి నడుం మీదికెళ్ళింది. మళ్ళీ ఫోటో వంక చూసింది.

“లోపం లేదు గురువుగారూ.”

“ఆఁ! అలా అన్నావు బావుంది.”

“ఆవిడలో లేదు.”

గురువుగారు మార్కుల కాగితం లాక్కుని, చిరిగేంత గట్టిగా సున్నా చుట్టారు. అంత కోపంలోనూ సున్నా మాత్రం ఏ వంకరా లేకుండా వచ్చింది.

“వెళ్ళు. వెళ్ళి నీ బస్సెక్కు.”

ఆమె సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. నిటారుగా. ఆ నడుం అలా నిలబెట్టింది ఆయనే మరి.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఆ మూడో ఫోటో మీది కాగితం ముక్క పీకేసి, తిరిగి ఫ్రేములో బిగించి, గుమ్మం పక్కన మేకుకి తగిలించడానికి గురువుగారు కుడిచెయ్యి ఎత్తగానే, మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొస్తున్న ఆయన భార్య ఎడమ భుజం చెవి దాకా లేచింది.