వెళ్తూ వెళ్తూ నొక్కండి

"అదిగో, మళ్ళీ నవ్వుముఖమే!" బావ పళ్ళు నూరాడు.

గడ్డం గీయించుకుంటున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. "ఏమైందయ్యా?"

"మిమ్మల్ని కాదండీ. మీరు కదలకండి."

ఆ సెలూన్లో కుర్చీలు రెండు. మొదటిది బావది, రెండోది బామ్మర్దిది. దువ్వెన పట్టుకోవడం దగ్గర్నుంచి వాడికి పని నేర్పింది బావే. పెళ్ళానికి ఒక్కగానొక్క తమ్ముడు కదా అని, ఓనరు కాళ్ళావేళ్ళా పడి కుర్చీ ఇప్పించింది కూడా బావే. ఇప్పుడు ఆ కుర్చీని చూస్తే చాలు, కడుపులో కారం పోసినట్టుంటోంది.

అంతా ఆ మాయదారి డబ్బాలు వచ్చాకే. నెల కిందట ఓనరు రెండు డబ్బాలు తెచ్చి, తలుపు పక్కన గోడకి ఒకదాని కింద ఒకటి తగిలించాడు. పైది బావది, కిందిది బామ్మర్దిది. ఒక్కోదానికి రెండు బటన్లు. కుడివైపు నవ్వుముఖం, ఎడమవైపు ఏడుపుముఖం. చవకరకం కావడంతో బటన్లు రెండూ ఒకే తెలుపు. లోపలి లెక్క చూడాలంటే ఓనరు దగ్గరున్న తాళంచెవి కావాలి.

"పని నచ్చిందో లేదో వెళ్తూ వెళ్తూ నొక్కిపోవాలి. ఇంటికెళ్ళాక ఎవడికి గుర్తుంటుంది?" అన్నాడు ఓనరు. "ఎవరికి ఎక్కువ నవ్వులొస్తే కొత్త షాపు వాళ్ళ చేతిలో పెడతా."

కొత్త షాపు! తన చెయ్యి కింద పది మంది పనిచేసే షాపు కోసం బావ ఎన్నేళ్ళుగానో కాచుక్కూర్చున్నాడు. అది తనకి రాకపోతే ఈ జన్మకి ఇంతే.

కుర్చీ దగ్గర నిలబడ్డాక బావ వెనక్కి తిరిగే రకం కాదు. తండ్రి చెవి మెలేసి నేర్పిన పద్ధతి అది. పైగా ఒకరు దిగీ దిగగానే ఇంకొకరు ఎక్కే కుర్చీ. అయినా డబ్బాల మీద ఓ కన్నేసే ఉంచాడు. అంత దూరానికి బొమ్మలు కనపడకపోయినా, వేలు ఏ పక్కకి పోయిందో తెలుస్తుందిగా.

తన దగ్గర దిగినవాళ్ళు "చెయ్యంటే నీదేనయ్యా" అని భుజం తట్టి, తీరా వెళ్ళి ఎడమవైపు నొక్కుతారు. బామ్మర్ది దగ్గర దిగినవాళ్ళు మెడ తడుముకుంటూ వెళ్ళి కుడివైపు నొక్కుతారు. అంత గట్టిగా నొక్కుతారేం? వాడు కబుర్లతో అందర్నీ బుట్టలో వేసుకుంటున్నాడు. మెడ తడుముకునేంత మురిపెమా!

"దొంగముఖాలు! ఎదురుగా నవ్వుతారు, చాటుగా ఏడుపు నొక్కుతారు," అనుకుని కుతకుతలాడిపోయాడు.

ఇంటికెళ్తే భార్య మరోలా కాల్చుకుతింది. "మా తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉండట్లేదటగా! ఎంత ఎదిగిపోయాడో చూశావా?"

"చూశాను. ఇక అన్నం పెడతావా, తమ్ముడి భజన చేస్తావా?"

"నీకు వాణ్ణి చూస్తే కుళ్ళు!"

నిజమే, కుళ్ళే. ఆ మాట పెళ్ళాం నోట వినేసరికి ఇంకాస్త కుళ్ళుకున్నాడు.

లెక్కల మాస్టారి సంగతితో మాత్రం తట్టుకోలేకపోయాడు. పెళ్ళినాటి క్రాపు దగ్గర్నుంచి ఆయన తల ఇంకొకరు ముట్టుకుని ఎరగరు. "నీ చెయ్యి పడితే నిద్రొస్తుందోయ్" అంటూ దిగి, తాపీగా వెళ్ళి, ఆయన కూడా ఎడమవైపే నొక్కారు. బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నెలాఖరు రోజు మధ్యాహ్నం బామ్మర్ది భోజనానికి వెళ్ళాడు. షాపులో ఇంకెవరూ లేరు. బావ గబగబా రెండు డబ్బాలూ ఊడదీసి, పైది కింద, కిందిది పైన తగిలించేశాడు. నేర్పిన విద్యకి గురుదక్షిణ అనుకున్నాడు.

సాయంత్రం ఓనరు వచ్చేసరికి బావ కుర్చీలో లెక్కల మాస్టారే ఉన్నారు. ఓనరు పై డబ్బా తెరిచాడు. ముఖం ముడిచాడు. కింది డబ్బా తెరిచి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇదేంటయ్యా! పైదాన్నిండా ఏడుపులే. కిందదాన్నిండా నవ్వులే!"

బావ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నాకా నవ్వులు?" బామ్మర్ది నోరు వెళ్ళబెట్టాడు. "నెలంతా గాట్లేగా పెట్టాను బావా! మెడలు కోసేస్తున్నానని అందరూ తిట్టిపోతుంటేనూ!"

"నవ్వులు అబద్ధం చెప్పవురా. కొత్త షాపు నీదే," అని ఓనరు తాళాలు వాడి చేతిలో పెట్టాడు. బావ నోరు తెరిచాడు. డబ్బాలు మార్చానని చెబితే ఉన్న కుర్చీ కూడా పోతుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

మాస్టారు దిగి, ఎప్పటిలాగే భుజం తట్టి తలుపు వైపు నడిచారు. బావ కత్తెర పక్కన పడేసి మొదటిసారి పూర్తిగా వెనక్కి తిరిగాడు. మాస్టారి వేలు తాపీగా వెళ్ళి పై డబ్బా మీద కుడివైపు బటన్ నొక్కింది.

నెలంతా వీపు వెనకున్న ఆ తలుపుని తను చూసింది ఎదురుగా ఉన్న అద్దంలోనని బావకి అప్పుడు గుర్తొచ్చింది.