దించుకోని మాట

"మా ఆయన ఆఖరిగా మాట్లాడింది మీతోనే కదండీ? ఏమన్నారండి?"

అడిగింది అమ్మాజీ. సముద్రం ఒడ్డున ఉన్న మైక్రోవేవ్ స్టేషన్లో ఆమె భర్త ఆపరేటరు. తుఫానుకి టవరు కూలి అతను పోయి నెలయింది.

ఇవతలి స్టేషన్ ఆపరేటరు మణిశంకర్ కుర్చీ జరిపాడు. "ఆ సాయంత్రం నాకేమీ వినపడలేదమ్మా."

"నన్నూ పిల్లల్నీ బడిలోకి వెళ్లిపొమ్మన్నారండి. మీరు సరేనంటేగానీ స్టేషన్ వదలకూడదంట కదా. 'మణిశంకర్ గారికి చెప్పేసి వచ్చేస్తా' అన్నారు. ఆ మాట ఇక్కడికి ఎలా వస్తుందండి?"

"ఏరు దాటించే పంటి మీద మనిషిని ఎక్కించినట్టు, అక్కడ మాటని తరంగం మీదకి ఎక్కిస్తారమ్మా. ఇక్కడ ఈ పెట్టె దాన్ని దించి స్పీకర్లో వినిపిస్తుంది."

ఆమె ఇంకేదో అడిగింది. స్పీకరు హోరులో వినపడలేదు. అలవాటుగా అతని చెయ్యి నాబ్ మీదకి వెళ్లి హోరు తగ్గించింది.

"ఇప్పుడు చెప్పండమ్మా."

అమ్మాజీ ఆ చేతి వంకే చూస్తోంది.

"హోరు ఎక్కువైతే ఎప్పుడూ ఇలాగే తగ్గించేస్తారాండీ?"

మణిశంకర్ నాబ్ మీంచి చెయ్యి తీసేశాడు. తుఫాను రోజు పొద్దుటినుంచీ ఒకటే హోరు.

ఆమె లేచి నాబ్‌ని చివరిదాకా తిప్పింది. గదంతా హోరెత్తిపోయింది.

"అటువైపు టవరే లేదమ్మా. ఏమీ రాదు," అన్నాడు గొంతు పెంచి.

అమ్మాజీ అటు మాట్లాడే ఫోను రిసీవరు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఒక్కసారి సరేననండి. ఆయన ఇంకా అక్కడే కూర్చునుంటారు."